రెండు ఫ్లాట్లు, ఒక ఇల్లు: 98 రోజుల పని డైరీ

హైదరాబాద్‌లో 1990ల నాటి జి ప్లస్ 4 అపార్ట్‌మెంటు. మూడో అంతస్తులో పక్కపక్కనే ఉన్న 302, 303. ఒక్కోదాంట్లో హాలు, పడకగది, వంటిల్లు, బాత్రూమ్. రెండు హాళ్ల మధ్య గోడలో దారి తీసి, ఒక వంటిల్లు ఎత్తేసి, ఒకే ఇల్లు చేయడం పని. మొదటి అంచనా 60 రోజులు, 4 లక్షలు. గోడ కొట్టడం రెండు రోజుల్లో అయింది. మిగతా రోజులన్నీ మట్టాలు, నీళ్లు, కరెంటు తినేశాయి. అందుకే ఈ డైరీలో గోడ కంటే వాటి గొడవే ఎక్కువ.

దశ 0: కాగితాలు, కొలతలు (1–18 రోజులు)

బిల్డరు దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగులు దొరకలేదు. మునిసిపల్ ప్లానులో గోడలు కనిపిస్తాయి గానీ పిల్లర్ల కొలతలు ఉండవు. ప్లాను చూసి గోడ కొట్టడానికి లేదు.

మధ్య గోడ 9 అంగుళాల ఇటుక, పైన బీము. రెండు పిల్లర్ల మధ్య 12 అడుగులు ఉంటుందనుకున్నాం. 10 మి.మీ. బిట్టుతో ఆరు చోట్ల రంధ్రాలు వేసి పొడి చూశాం. ఎర్ర పొడి వస్తే ఇటుక, బూడిద రంగు వస్తే కాంక్రీటు. అయిదు చోట్ల ఎర్రగానే వచ్చింది. ఆరో రంధ్రం దగ్గర, పిల్లరు అయిపోయిందనుకున్న చోటు దాటాక కూడా, బూడిద రంగే. పిల్లరు గోడ మందంలో కలిసిపోయి ప్లాస్టరు కింద ఇంకో 8 అంగుళాలు సాగింది. ఇంజినీరు కవర్ మీటరుతో (కాంక్రీటు లోపలి ఇనుమును పసిగట్టే పరికరం) చూసి అదే ఖాయం చేశారు. అసలు ఖాళీ 11 అడుగుల 4 అంగుళాలే.

దాంతో 6 అడుగుల దారి 5 అడుగులైంది. ఒక వైపు 2 అడుగుల 2 అంగుళాల గోడ, మరో వైపు 4 అడుగుల 2 అంగుళాల గోడ మిగలాలి. పిల్లర్ల మధ్య ఇటుక గోడ బరువు మోయదు, మొత్తం తీసేయొచ్చు అని మేస్త్రీలు అంటారు. నిలువు బరువు వరకు ఆ మాట చాలావరకు నిజం. కానీ భవనం పక్కకి ఊగకుండా పట్టి ఉంచడంలో ఈ గోడలకీ వాటా ఉంది. అందుకే పిల్లర్ల పక్కన గోడ ఉంచి, నడుమ మాత్రమే తీయమన్నారు ఇంజినీరు.

పని మొదలుకాక ముందు చేసినవి:

1. అసోసియేషన్‌కి ఇంజినీరు గీసిన డ్రాయింగు, సంతకంతో దరఖాస్తు. మధ్యాహ్నం 1 నుంచి 4 వరకు చప్పుడు చేయకూడదన్న షరతుతో అనుమతి వచ్చింది.
2. ఒక ఫ్లాటు బ్యాంకు తాకట్టులో ఉంది కాబట్టి బ్యాంకు నుంచి రాతపూర్వక అనుమతి. దీనికే 11 రోజులు పట్టింది.
3. పైన 402, 403; కింద 202, 203. ఈ నాలుగు ఇళ్లలోనూ అప్పటికే ఉన్న పగుళ్లను పక్కన స్కేలు పెట్టి, తేదీ కనిపించేలా ఫొటోలు తీయడం.

మూడోది మానేయాలనిపిస్తుంది, మానొద్దు. 33వ రోజున 403 హాల్లో గీత పడిందని పైవాళ్లు వచ్చారు. ఆ గీత 9వ రోజు ఫొటోలోనే ఉంది. మాట అక్కడితో ఆగింది.

సేల్ డీడ్లు రెండూ రెండుగానే ఉంచాం. భూమిలో అవిభక్త వాటాలు వేర్వేరు, మెయింటెనెన్సు రెండు ఫ్లాట్లకీ కట్టాలి. గోడ తీసినంత మాత్రాన ఇవేవీ కలవవు.

*లెక్క: 18 రోజులు. ఖర్చు ₹24,500. మల్బా (పగలగొట్టిన చెత్త) బస్తాలు 0.*

దశ 1: గోడ (19–35 రోజులు)

దారి ఎత్తు 7 అడుగులు. దాని పైన బీము దాకా 15 అంగుళాల ఇటుక మిగులుతుంది. లెక్క వేస్తే ఆ ఇటుక బరువు 270 కిలోలకు మించదు, చిన్న ఛానల్ (సి ఆకారపు ఉక్కు దూలం) సరిపోతుంది. అయితే ముప్పై ఏళ్లలో బీము కాస్త వంగి గోడ మీద ఆనుకుని ఉండొచ్చు, ఎంత ఆనిందో బయటికి తెలియదు. అందుకే ఐ.ఎస్.ఎం.సి. 125 (125 మి.మీ. ఎత్తు రకం) ఛానళ్లు రెండు, గోడకు చెరో వైపు. ఒక్కోటి 6 అడుగుల 4 అంగుళాలు, అంటే దారికి అటూ ఇటూ 8 అంగుళాల ఆనిక. రెండూ కలిపి 50 కిలోలు.

వరస ఇది:

1. గోడకు రెండు వైపులా, అడుగు దూరంలో, స్లాబు కింద చెక్క పెట్టి జాకీలు. చేత్తో బిగించినంతే చాలు. రాడ్డు వేసి తిప్పితే స్లాబు పైకి లేచి పై ఇంట్లో టైల్స్ పగులుతాయి.
2. 302 వైపు ప్లాస్టరు తీసి, ఇటుకలో 3 అంగుళాల లోతు గాడి. డైమండ్ బ్లేడుతో పైనా కిందా కోసి, మధ్యది ఉలితో.
3. ఆనికల దగ్గర 6 మి.మీ. ప్లేటు, 1:3 సిమెంటు, ఇసుక మాలు. ఛానల్ కూర్చోబెట్టి, పై ఇటుకకీ ఛానల్‌కీ మధ్య సందులో మాలు దట్టంగా కూరడం.
4. మూడు రోజులు ఆగి 303 వైపు అదే పని.
5. రెండు ఛానళ్లనూ కలుపుతూ 12 మి.మీ. బోల్టులు, 18 అంగుళాలకు ఒకటి.
6. ఆ తర్వాతే గోడ కోత.

మూడో మెట్టు దగ్గర దెబ్బ తగిలింది. కూరాల్సిన మాలు పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. మేస్త్రీ ప్లాస్టరుకు కలిపినట్టు జారుగా కలిపి కూరాడు. నాలుగో రోజుకి అది ఆరి కుంచించుకుపోయింది. ఛానల్ పైనుంచి పాత ఏటీఎం కార్డు పెడితే నాలుగు చోట్ల సులువుగా దూరింది. అలాగే గోడ కోసి ఉంటే పై ఇటుక ఆ సందు మేర కిందికి దిగి, పై ఇంటి దాకా గీత పడేది. మాలంతా గీకేసి, కుంచించుకోని గ్రౌటు రెండు బస్తాలతో మళ్లీ కూరాం. కార్డు దూరని దాకా పని ముందుకు పోకూడదన్నది ఆ రోజు పెట్టుకున్న నియమం.

బోల్టుల దగ్గర ఇంకో తప్పు. రెండు ఛానళ్లకూ షాపులోనే రంధ్రాలు వేయించాం. 9 అంగుళాల గోడలో డ్రిల్లు 6 మి.మీ. పక్కకి పోయి అవతలి రంధ్రంలో పడలేదు. రంధ్రాలు ముందుగా మొదటి ఛానల్‌కి మాత్రమే ఉండాలి. దానిలోంచి గోడను తొలిచి, అవతల బయటపడిన చోటు గుర్తు పెట్టుకుని, అప్పుడు రెండో ఛానల్‌కి వేయాలి.

కోత 31, 32 రోజుల్లో. బ్రేకరు వాడలేదు. దాని అదురుకి పక్కింటి బాత్రూమ్ టైల్స్ డొల్ల పడతాయి. 7 అంగుళాల బ్లేడు రెండంగుళాల లోతే కోస్తుంది కాబట్టి రెండు వైపులా కోసి, మిగతాది ఉలీ సుత్తీతో పై వరస నుంచి కిందికి ఊడదీశాం. ఒకడు కోస్తుంటే ఒకడు నీళ్లు చల్లుతూ ఉండాలి. 140 ఇటుకలు విరగకుండా వచ్చాయి.

మల్బా 41 బస్తాలు, ఒక్కోటి 28 కిలోలు. ఇళ్ల స్లాబులు చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువుకే లెక్కేస్తారు. కాబట్టి మీటరు చదరంలో 7 బస్తాలకు మించి పెట్టకూడదు. ఒక మూల గుట్టగా పోసిన 20 బస్తాలను ఇంజినీరు చూసి అప్పటికప్పుడు తీయించారు. లిఫ్టు ఆరుగురిది, 408 కిలోలు. ఎనిమిది బస్తాలు, ఇద్దరు మనుషులు ఎక్కితే 360. అంతకు మించి ఎక్కించలేదు. నిర్మాణ వ్యర్థాలకు నగరంలో జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లు ఉన్నాయి. మల్బా చెరువు గట్టున పోసి వచ్చే ఆటోట్రాలీ చవగ్గా దొరుకుతుంది గానీ, ఆ పని చేయొద్దు.

*లెక్క: 35 రోజులు. ఈ దశ ₹46,800, మొత్తం ₹71,300. బస్తాలు 41.*

దశ 2: నేల మట్టం (36–56 రోజులు)

302లో మార్బుల్, 303లో మొజాయిక్. దారి దగ్గర లెవల్ పైపుతో చూస్తే 303 నేల 22 మి.మీ. కింద ఉంది. మేస్త్రీ లెక్కలో ఏడు నూళ్లు. ఆ ఒక్క కొలత మీదే పని మొదలుపెట్టడం ఈ ప్రాజెక్టు మొత్తంలో పెద్ద తప్పు.

టైలు 9, అతికే మసాలా 4, మొత్తం 13 మి.మీ. మిగిలిన 9 మి.మీ. సిమెంటు, ఇసుక 1:4 కలిపి పూసేస్తే సరి అనుకున్నాం. పూస్తూ బాల్కనీ గోడ దాకా వెళ్లేసరికి మందం రెట్టింపైంది. అప్పుడు గానీ హాలంతా కొలవలేదు. మూడడుగులకొక చుక్క చొప్పున 24 చుక్కలు. దారి దగ్గర 22, బాల్కనీ దగ్గర 31. పాత నేలను కడిగిన నీళ్లు బాల్కనీలోకి పోయేలా వాలుగా వేశారు.

నాలుగు రోజుల తర్వాత నాణెంతో తట్టి చూస్తే సగం నేల డొల్ల శబ్దం. నున్నటి మొజాయిక్ మీద అంత పలచటి మాలు నిలవదు. కింద పట్టు దొరకదు, పైన తేమ ఒక్క రోజులో ఆరిపోతుంది. మొత్తం ఊడదీశాం. 13 బస్తాలు, ₹6,900 వృథా.

రెండో పద్ధతి:

1. డైమండ్ కప్పు వీలుతో మొజాయిక్ మెరుపు పోయేదాకా అరగదీత. నీటి చుక్క వేస్తే ముత్యంలా నిలవకుండా ఇంకాలి.
2. వాక్యూమ్‌తో దుమ్ము తీసి, ప్రైమరు.
3. సెల్ఫ్ లెవలింగ్ మసాలా (పోస్తే తనంతట తానే మట్టంగా పరుచుకునేది). 143 చ.అ. హాలుకి సగటున 13 మి.మీ. మందం. లెక్కకు 12 బస్తాలు, పట్టింది 13. ఒక్కోటి 25 కిలోలు, ₹1,100.
4. నీళ్లు బకెట్టుకి గీత పెట్టి కొలిచి పోయడం. నీళ్లు ఎక్కువైతే పైన తెల్ల పొర తేలి, టైలుతో పాటు లేచి వస్తుంది.
5. రెండు రోజుల తర్వాత టైల్స్.

పడకగదుల నేలలు ముట్టుకోలేదు. గుమ్మం దగ్గర అంగుళం తేడా గడప రాయితో సర్దుకుంది.

పాత నేల ఊడగొట్టి రెండంగుళాల కొత్త మాలు వేయాలని మేస్త్రీ పట్టు. కాంట్రాక్టులో అతనికి అదే లాభం. ఊడగొట్టకుండా మీదే వేస్తే, టైలుతో సహా చదరపు మీటరుకు 130 కిలోలకు పైన కొత్త బరువు. మేం చేసిన పద్ధతిలో దాదాపు 50. ఊడగొడితే బరువు సమానమే కానీ మల్బా, చప్పుడు, కింది ఇంటి సీలింగు... వద్దనుకున్నాం.

గోడ ఉన్న చోట నేలలో 5 అడుగుల పొడవు, 10 అంగుళాల వెడల్పు గాడి మిగిలింది. ఇటుకలు నేల మట్టానికి రెండున్నర అంగుళాల కింది దాకా కోసి, 6 మి.మీ. చిప్స్‌తో కాంక్రీటు నింపి, పైన ఒకే గ్రానైటు పట్టీ వేశాం. 12 రోజులకు నిలువునా పగిలింది. దాని అటూ ఇటూ ఉన్నవి రెండు వేర్వేరు నేలలు, వేటి కదలిక వాటిదే. పట్టీని రెండుగా కోసి, మధ్య 3 మి.మీ. సిలికాన్ జాయింటు ఇచ్చాక మళ్లీ పగల్లేదు.

303 పడకగది తలుపు, మెయిన్ డోరు నేలకు రాసుకున్నాయి. టైల్స్ వేశాకే తలుపు కింది అంచు కోయించాలి. ముందే కోయిస్తే కొలత తప్పుతుంది.

*లెక్క: 56 రోజులు. ఈ దశ ₹60,380, మొత్తం ₹1,31,680. బస్తాలు 54.*

దశ 3: నీళ్లు, డ్రైనేజీ (57–72 రోజులు)

303 వంటింటిని బట్టలు ఉతికే గదిగా మార్చాం. బాత్రూమ్‌లు రెండూ ఉన్న చోటే. పడకగది మీద బాత్రూమ్ వచ్చేలా మారిస్తే కింది ఇంటితో జీవితాంతం తగువు.

మొదట ఏ కుళాయి ఏ లైనో తేల్చాలి. మేడ మీద వాల్వులు ఒక్కొక్కటే మూసి, రెండు ఫ్లాట్లలో అన్ని కుళాయిలూ తిప్పి పట్టిక రాసుకున్నాం. బోరు నీళ్ల లైను, మంజీరా (నగర సరఫరా తాగునీటి) లైను వేర్వేరు. ఒకదానికి ఇంకోటి ఎక్కడా కలపకూడదు, మధ్య వాల్వు పెట్టినా సరే. వాల్వు లీకైన రోజు తాగే నీళ్లలో బోరు నీళ్లు కలుస్తాయి.

పై ట్యాంకు నుంచి దిగే పైపు మన ఫ్లాటుతో ఆగదు, 203, 103లకు కూడా అదే. ప్లంబరు పాత జి.ఐ. పైపు మార్చుదామని దాన్ని కోయబోయాడు. మన ఇంట్లోకి వచ్చే టీ జాయింటు దగ్గర నుంచే మన హక్కు. 302కీ 303కీ మధ్య నీటి పైపు ఏదీ వేయలేదు. ఏ బాత్రూమ్‌కి దాని లైనే. దారి మీదుగా పైపు లాగితే గోడలో లీకు వచ్చిన నాడు ఏ ట్యాంకు వాల్వు మూయాలో తెలియదు.

కొత్త సి.పి.వి.సి. (ప్లాస్టిక్ పైపు) లైనుకి చేతి పంపుతో 7 కిలోల ప్రెషరు పెడితే 40 నిమిషాల్లో 5.1కి పడింది. లీకు ఇత్తడి మర అడాప్టరు దగ్గర. టెఫ్లాన్ టేపు మర తిరిగే దిశకు ఎదురుగా చుట్టడంతో బిగించేటప్పుడు ఊడివచ్చింది. మార్చాక 4 గంటలకు ముల్లు కదల్లేదు. గాడులు పూడ్చే ముందు టేపు పక్కన పెట్టి గోడల ఫొటోలు తీశాం.

పాత సింకు పైపుని గోడ దగ్గర సిమెంటుతో మూసేశారు. తొమ్మిది రోజులకే వాసన, బొద్దింకలు. మూసిన చోటు నుంచి డక్టులోని పెద్ద పైపు దాకా ఆరడుగుల పైపులో పాత జిడ్డు నిండి ఉంది, గోడ సందుల్లోంచి అదంతా ఇంట్లోకే. సిమెంటు పగలగొట్టి, ఆ ముక్క పూర్తిగా తీసేసి, డక్టులో టీ దగ్గరే ఎండ్ క్యాపు వేశాం. నేల మీది నహానీ ట్రాప్ (నీళ్లు నిలిచి వాసనను ఆపే జాలీ) మాత్రం ఉంచాం. వాషింగ్ మెషీను నీళ్లు దాంట్లో పడతాయి. వాడకం లేని ట్రాప్‌లో నీళ్లు ఎండిపోతాయి, మన ఎండలకు మరీ త్వరగా. అప్పుడు డ్రైనేజీ గాలి నేరుగా గదిలోకి వస్తుంది.

303 బాత్రూమ్ నేల కొత్తగా వేశాం కాబట్టి రెండంగుళాల నీళ్లు కట్టి 48 గంటల పరీక్ష. 31వ గంటకు 203 సీలింగులో పైపు చుట్టూ చెమ్మ. చుట్టూ అంగుళం లోతు గీకి గ్రౌటు నింపి, వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, గోడ మీదకి అడుగు ఎత్తు దాకా. రెండో పరీక్ష 72 గంటలు. చెమ్మ లేదు. ఈ పరీక్ష టైల్స్ వేయక ముందే చేయాలి, వేశాక లీకు బయటపడితే టైల్స్ ఊడదీయాలి.

వంటింటి అలమర్ల కడప రాళ్లు ఏడూ విరగకుండా వచ్చాయి. కొత్త గదిలో అవే షెల్ఫులు.

*లెక్క: 72 రోజులు. ఈ దశ ₹1,12,400, మొత్తం ₹2,44,080. బస్తాలు 76.*

దశ 4: కరెంటు (73–86 రోజులు)

ఇక్కడ తప్పు చేస్తే డబ్బు పోవడం కాదు, మనిషి పోతాడు.

302 ఒక ఫేజు మీద, 303 ఇంకో ఫేజు మీద ఉన్నాయి. రెండు ఫ్లాట్ల ఫేజు తీగల మధ్య మీటరు 412 వోల్టులు చూపింది. ఒకే గదిలో పక్కపక్క బోర్డుల్లో ఆ రెండూ ఉంటే, ఎక్స్‌టెన్షన్ బాక్సులు కలిసిన రోజు ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

దారికి రెండు వైపులా స్విచ్చు ఉండాలని ఎలక్ట్రీషియన్ లైటుకి ఫేజు 302 నుంచి, న్యూట్రల్ దగ్గర్లో ఉందని 303 నుంచి తీసుకున్నాడు. లైటు వెలిగింది. స్విచ్చు వేసిన ప్రతిసారీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) పడిపోయింది. వెళ్లిన కరెంటు అదే దారిన తిరిగి రాకపోతే అది పడిపోతుంది, దాని పనే అది. ఎలక్ట్రీషియన్ మాత్రం ఆర్.సి.సి.బి. చెడిందని తీసేయబోయాడు.

మెగ్గరుతో (తీగల ఇన్సులేషన్ కొలిచే పరికరం) 500 వోల్టుల పరీక్షలో 303 పడకగది లైను 0.3 మెగా ఓములు చూపింది. కనీసం 1 ఉండాలి. పాత అల్యూమినియం తీగకు రాగి తీగ మెలిపెట్టిన జాయింటు ఒకటి సీలింగు బాక్సులో నల్లగా మాడి దొరికింది. 303 వైరింగు మొత్తం మార్చాం: లైట్లకు 1.5, పవర్ సాకెట్లకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మి.మీ. రాగి.

మీటరు సంగతి. రెండూ ఉంచుకుంటే కరెంటు బిల్లు స్లాబు రేటు కలిసొస్తుందని సలహాలు వస్తాయి. ఒకే ఇల్లైపోయాక అది విద్యుత్ సంస్థ ముందు నిలిచే వాదన కాదు, పైగా న్యూట్రల్ గొడవ ఎప్పటికీ తీరదు. 302 సర్వీసును త్రీ ఫేజుగా మార్చి, 303ది బకాయి కట్టి, చివరి రీడింగు ఫొటో తీసి రద్దు చేయించాం.

లోడు: ఏసీలు మూడు 4.8, గీజర్లు రెండు 4, వంటిల్లు 2, మిగతావి 1.7. మొత్తం 12.5 కిలోవాట్లు. ఒక్కో ఫేజు మీద ఒక్కో ఏసీ, రెండింటి మీద గీజర్లు, మూడోదాని మీద వంటిల్లు. ఒక గదిలోని లైట్లు, సాకెట్లు అన్నీ ఒకే ఫేజు మీద ఉండేలా పంచాం, ఏ బోర్డులోనూ రెండు ఫేజులు ఉండవు.

*లెక్క: 86 రోజులు. ఈ దశ ₹1,64,300, మొత్తం ₹4,08,380. బస్తాలు 82.*

దశ 5: తలుపులు, రంగులు (87–98 రోజులు)

303 మెయిన్ డోరు మూసి గోడ కట్టమన్నారు చాలామంది. కట్టలేదు. మంట లేచినప్పుడు రెండో దారి, ఎప్పుడైనా విడదీసి అమ్మాలన్నా అదే దారి. లోపలి నుంచి గడియ, ముందు సామాను పెట్టకూడదన్న నియమం.

దారి అంచుల్లో ఇటుకకీ పాత ప్లాస్టరుకీ కలిసే చోట మెష్ వేయకుండా పూసిన ఒక అంచు వారానికే వెంట్రుకవాసి చీలింది. గీకి, 6 అంగుళాల మెష్ పట్టీ వేసి పూశాం. రంగుల గురించి రాయడానికి ఏమీ లేదు.

*లెక్క: 98 రోజులు. ఈ దశ ₹1,21,000, మొత్తం ₹5,29,380. బస్తాలు 85.*

మిగిలినవి

- ఆస్తి పన్ను రెండు పి.టి.ఐ.ఎన్.ల (పన్ను గుర్తింపు సంఖ్యల) మీద విడివిడిగా వస్తోంది. కలపడానికి దరఖాస్తు ఇంకా పెట్టలేదు. బ్యాంకు తాకట్టు తీరాకే.
- 303 వంటింటికి వచ్చే మంజీరా లైను క్యాపు వేసి ఉంది. మేడ మీద దాని వాల్వుకి చీటీ కట్టాలి, లేకపోతే వాచ్‌మెన్ మారినప్పుడల్లా తిప్పుతారు.
- ఛానల్ రెండు చివర్లా గోడకు అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బిళ్లలు అతికించి తేదీ రాశాం. గోడ కదిలితే ముందు పగిలేవి అవే. 98వ రోజుకి రెండూ చెక్కుచెదరలేదు. వానాకాలంలో ఒకసారి, మళ్లీ ఏప్రిల్ ఎండల్లో ఒకసారి చూడాలి.